నిద్ర 7 గంటలు అవుతోంది, అయినా మంగళవారం తెల్లవారేసరికి ఏడుపొస్తోంది

యూఎస్‌షిఫ్ట్ శ్రీను (మంగళవారం, తెల్లవారుజామున 4:48)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక అమెరికా క్లయింటు ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాయంత్రం 6:30కి లాగిన్, తెల్లవారి 3:30కి లాగౌట్. క్యాబ్ ఇంటి దగ్గర దింపేసరికి 4:15 అవుతుంది. 5 గంటలకు పడుకుంటే మధ్యాహ్నం 12 దాకా నిద్రపోతాను. శనివారం మాత్రం 9కే లేస్తాను. శని, ఆదివారాలు రాత్రి ఇంట్లోవాళ్ళతో పాటే 11:30కి పడుకుని ఉదయం 7:30కి లేస్తాను. మా పాపకు నాలుగేళ్ళు. నాతో ఆడుకునేది ఆ రెండు రోజులే.

ఏడాదిన్నరగా ఇదే పద్ధతి. ఆరు నెలల నుంచి మనసు బాగుండటం లేదు. సోమవారం రాత్రి షిఫ్టు చివరికొచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది. ఇంటికొచ్చే దారిలో క్యాబ్‌లో మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంటాను. మంగళ, బుధవారాలు చిన్న మాటకే కోపం వస్తుంది. గురువారానికి తేరుకుంటాను. శుక్రవారం మామూలు మనిషినే. మళ్ళీ సోమవారం మొదటికొస్తుంది. థైరాయిడ్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయించాను, అన్నీ సరిగానే ఉన్నాయి. టీమ్ మంచిది, పని నచ్చుతుంది. "అంతమంది చేస్తున్నారు, నీకే ఎందుకురా ఇలా?" అని నాన్న అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

విశాఖ సిస్టర్ (మంగళవారం, ఉదయం 5:20)

నీకే కాదు తమ్ముడూ. ఇప్పుడు నేనూ నైట్ డ్యూటీలోనే ఉన్నాను, పేషెంట్లకు బీపీలు చూసి కూర్చున్నాను.

పదమూడేళ్ళ నర్సు ఉద్యోగంలో నాకు బాగా తెలిసింది ఈ వేళ. 3 దాటాక, 5 లోపు. వార్డంతా నిశ్శబ్దం, ఏసీ చప్పుడు, ఎవరో దగ్గుతారు. అప్పుడు నా బతుకంతా వృథా అయిపోయిందని గట్టిగా అనిపిస్తుంది. మా ఆయన మీద, అమ్మ మీద, అందరి మీదా ఫిర్యాదులే గుర్తొస్తాయి. 8 గంటలకు డ్యూటీ దిగి బయట టీ తాగుతుంటే ఆ ఆలోచన ఎక్కడికి పోయిందో తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే ఒక రాత్రి రాజీనామా రాసి పెట్టుకున్నాను. మా సీనియర్ సిస్టర్ చూసి, "పొద్దున్న చదివి, అప్పటికీ అనిపిస్తే ఇవ్వు. ఈ గంటలో ఏ నిర్ణయమూ తీసుకోకు" అన్నారు. ఆ మాట ఇప్పుడు మా కొత్త పిల్లలకు నేను చెబుతున్నాను.

వేకువనే (మంగళవారం, ఉదయం 6:05)

శ్రీను గారూ, బాధపడకండి. నా ఉద్దేశంలో మందు ఒక్కటే. ఆ ఉద్యోగం మానేసి పగటి పని చూసుకోండి. రాత్రి 9కి పడుకుని బ్రాహ్మీ ముహూర్తంలో లేవండి. నేను పదకొండేళ్ళుగా 4:30కి లేస్తున్నాను, దిగులన్నది తెలియదు. పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు.

సైకియాట్రీ పీజీ (మంగళవారం, రాత్రి 9:40)

శ్రీను గారూ, నేను మానసిక వైద్యంలో పీజీ చేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు చెప్పను. కానీ మీరు రాసిన వేళలు కాగితం మీద గీసుకుని చూస్తే రెండు విషయాలు కనిపించాయి.

సోమవారం ఉదయం 7:30కి లేచారు. తిరిగి పడుకున్నది మంగళవారం 5కి. అంటే 21 గంటల 30 నిమిషాలు మెలకువగా ఉన్నారు. మీ వారంలో ఇంత పొడుగు మెలకువ ఇంకెక్కడా లేదు. మీరు ఈ పోస్టు పెట్టింది సరిగ్గా దాని చివర్లో. 7 గంటల సగటులో ఇది కనపడదు.

రెండోది, మీ నిద్ర నడిమి వేళ, అంటే పడుకున్న వేళకూ లేచిన వేళకూ సరిగ్గా మధ్యది. షిఫ్టు రోజుల్లో అది ఉదయం 8:30. శని, ఆదివారాల్లో తెల్లవారుజాము 3:30. తేడా 5 గంటలు. చలికాలంలో లండన్ మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. మీరిక్కడ 5కి దుప్పటి కప్పుకునేటప్పుడు అక్కడ రాత్రి 11:30. కాబట్టి వారంలో ఐదు రోజులు మీ ఒళ్ళు దాదాపు లండన్ టైములో, రెండు రోజులు హైదరాబాద్ టైములో బతుకుతోంది. ప్రతి వారం వెళ్ళి రావడమే. జర్మనీలో టిల్ రోనెబర్గ్ బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది.

మెదడులో రెండు కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన సుమారు 20 వేల కణాల చిన్న ముద్ద ఉంటుంది. ఒంటి మొత్తానికీ పెద్ద గడియారం అదే. దాని రోజు సగటున 24 గంటల కంటే పది పన్నెండు నిమిషాలు ఎక్కువ. వెలుగును చూసి ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంది. అయితే ఆ సర్దుబాటు నిదానం, రోజుకు గంట అటూ ఇటూ. ఆలస్యం వైపు జరగడం చాలామందికి తేలిక, పెందలాడే వైపు జరగడం కష్టం. శని, ఆదివారాల్లో దాన్ని ఇంటివైపు కొంత లాగుతారు. సోమవారం మళ్ళీ లండన్ వైపు తోస్తారు. గురువారానికి మీరు తేరుకోవడం వింత కాదు, అప్పటికి గడియారం మీ షిఫ్టును కొంత అందుకుంటుంది.

సిస్టర్ గారు చెప్పిన 3 నుంచి 5 మధ్య వేళ గురించి కూడా చెప్పాలి. రాత్రి నిద్రపోయే అలవాటున్న మనిషికి ఒంటి వేడి అతి తక్కువకు దిగేది ఇంచుమించు అప్పుడే. 1997లో బోస్టన్‌లో డయాన్ బోయివిన్, చార్లెస్ సైస్లర్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను బయటి వెలుగు, గడియారం లేని గదుల్లో పెట్టి, 28 గంటలు, 30 గంటల "రోజు" నడిపించింది. ఎందుకంటే అలా చేస్తేనే నిద్ర వేళ, లోపలి గడియారం విడిపోతాయి, ఏది ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. ఎన్ని గంటలు మేలుకున్నారు, లోపలి గడియారంలో అప్పుడు ఎన్నయింది అన్నవి రెండూ కలిసి వాళ్ళ మూడ్‌ను మార్చాయి. వాళ్ళెవరికీ డిప్రెషన్ లేదు. మీకు మంగళవారం తెల్లవారుజామున ఆ రెండూ ఒకేసారి మీద పడుతున్నాయి.

మీ నాన్నగారి ప్రశ్నకు: గడియారం అందరికీ ఒకేలా ఉండదు. కొందరిది పుట్టుకతోనే ఆలస్యంగా నడుస్తుంది, వాళ్ళు ఈ షిఫ్టును తేలిగ్గా మోస్తారు. ఇది మనసు గట్టిదా మెత్తదా అన్న సంగతి కాదు.

బాటనీ మాస్టారు (బుధవారం, ఉదయం 7:15)

చాలా మంచి చర్చ. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను కాబట్టి ఒక మాట.

ఈ కథ మొక్క దగ్గర మొదలైంది. మన పొలంగట్ల మీద ముట్టుకుంటే ముడుచుకుపోయే అత్తిపత్తి. దాని ఆకులు పగలు విప్పుకుంటాయి, రాత్రి ముడుచుకుంటాయి. ఫ్రాన్సులో ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పగటి వేళకు ఆకులు విప్పుకున్నాయి. అది 1729లో. లోపల గడియారం ఉందన్న మాటకు మొదటి ఆధారం అది. మనుషులు పుస్తకాల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. పండ్ల ఈగలో ఆ గడియారం జన్యువును పట్టి, అది ఎలా నడుస్తుందో తేల్చినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

మన పక్కనే మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ గారు గబ్బిలాల గుహల్లో ఈ పని చేశారు. మనుషుల్ని బయటి కాలం తెలియని గదిలో ఉంచి పరిశీలించే ఏర్పాటు కూడా అక్కడ ఉండేది. క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లలు రాసుకోవడం మానేసి వినేవాళ్ళు.

వేకువనే గారికి ఒక విన్నపం. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 1 గంట 36 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. ఆ వేళకు లేచిన మా తాతలు దీపం పెట్టిన కాసేపటికే పడుకునేవారు. లేచే వేళ ఒక్కటే తీసుకుని, పడుకునే వేళ వదిలేస్తే అది వాళ్ళ పద్ధతి అవ్వదు.

యూఎస్‌షిఫ్ట్ శ్రీను (బుధవారం, మధ్యాహ్నం 1:10)

డాక్టర్ గారూ, 21 గంటల 30 నిమిషాలు అన్నది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

కానీ ఉద్యోగం మానలేను. ఇంటి లోను ఉంది. శని, ఆదివారాలు కూడా పగలంతా పడుకుంటే పాప నన్ను ఎప్పుడు చూస్తుంది? ఏం చేయమంటారు?

సైకియాట్రీ పీజీ (బుధవారం, రాత్రి 10:25)

పాపను వదులుకోమని ఎవరూ అనరు. షికాగోలో షార్మేన్ ఈస్ట్‌మన్ బృందం రాత్రి షిఫ్టు వాళ్ళ మీద చాలా ఏళ్ళు పనిచేసింది. వాళ్ళు సూచించేది మధ్యేమార్గం. గడియారాన్ని పూర్తిగా షిఫ్టుకు తిప్పరు, పూర్తిగా ఇంటికీ తిప్పరు. సెలవు రోజుల్లోనూ కొంత ఆలస్యంగానే పడుకుంటారు. మీ లెక్కలో శని, ఆదివారాలు రాత్రి 3 నుంచి ఉదయం 10 దాకా అనుకోండి. నడిమి వేళ 6:30. తేడా 5 గంటల నుంచి 2 గంటలకు దిగుతుంది. పాపతో రోజంతా మిగులుతుంది. సోమవారం మధ్యాహ్నం గంటన్నర కునుకు తీస్తే ఆ రాత్రి మెలకువ బరువూ తగ్గుతుంది. ఆ కునుకు మానకండి.

వెలుగు గురించి: షిఫ్టు మొదటి సగంలో మీ సీటు దగ్గర వీలైనంత వెలుగు ఉండనివ్వండి. మీరు పడుకున్న గంట, గంటన్నరకు తెల్లారిపోతుంది. ఆ గదిలోకి ఎండ రాకూడదు. మధ్యాహ్నం లేచాక మాత్రం బయటికి వెళ్ళండి. మామూలు గదిలో వెలుగు రెండు మూడు వందల లక్స్ ఉంటే గొప్ప. మిట్ట మధ్యాహ్నం ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. గడియారానికి ఈ తేడా చాలా పెద్దది. లేచీ లేవగానే మళ్ళీ ట్యూబులైటు కిందే ఉండిపోతే ఒంటికి పగలు వచ్చినట్టే తెలియదు.

తిండి సంగతి చాలామందికి తెలియదు. 2022లో బోస్టన్‌లోనే, బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో, 19 మందితో రాత్రి షిఫ్టు లాంటి పరిస్థితి కల్పించారు. కొందరికి పగలూ రాత్రీ భోజనం పెట్టారు, కొందరికి పగలు మాత్రమే. మొదటి జట్టులో దిగులు లక్షణాలు 26 శాతం, ఆందోళన లక్షణాలు 16 శాతం పెరిగాయి. పగలు మాత్రమే తిన్నవాళ్ళలో పెరగలేదు. చిన్న ప్రయోగం, అదీ ప్రయోగశాలలో. దాని మీదే అంతా కట్టెయ్యలేం. అయినా అర్ధరాత్రి 1 గంటకు క్యాంటీన్ బిర్యానీ తింటుంటే, దాన్ని సాయంత్రం భోజనంగా మార్చి చూడటంలో నష్టం లేదు. కాఫీ చివరిది రాత్రి 10 లోపు. తాగిన కాఫీలో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

మెలటోనిన్ మాత్రలు మీ అంతట మీరు కొనకండి. అది మామూలు నిద్రమాత్ర లాంటిది కాదు. చీకటి పడిందని ఒంటికి చెప్పే కబురు. వేళ తప్పి వేసుకుంటే గడియారాన్ని అక్కర్లేని వైపు జరుపుతుంది.

ఇవన్నీ చేస్తూనే ఒకసారి మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆరు నెలలు తక్కువ కాలం కాదు. ఎప్పుడైనా బతకాలని లేదు అనిపిస్తే ఏ వేళైనా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

వేకువనే (గురువారం, ఉదయం 5:30)

మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. నేను 9కి పడుకుంటాను కాబట్టే నాకు కుదిరింది. అయితే డాక్టర్ గారూ, త్వరగా పడుకుని లేచేవాళ్ళకు డిప్రెషన్ తక్కువని ఈ మధ్య పేపర్లలో వచ్చింది. అది తప్పా?

సైకియాట్రీ పీజీ (గురువారం, రాత్రి 9:15)

తప్పు కాదు. 2021లో వచ్చింది. సుమారు 8 లక్షల 40 వేల మంది జన్యు సమాచారంతో చేశారు. నిద్ర నడిమి వేళ గంట ముందుంటే డిప్రెషన్ ముప్పు 23 శాతం తక్కువగా ఉంది. నాకు ఇందులో ఒక సందేహం ఉంది, మా డిపార్టుమెంటులో కూడా దీని మీద వాదించుకున్నాం. బడి, ఆఫీసు, బ్యాంకు అన్నీ పొద్దున్నే లేచేవాళ్ళకు అనువుగా ఉన్నాయి. ఆలస్యపు గడియారంతో పుట్టినవాడు రోజూ దానికి ఎదురీదాలి. ముప్పు ఆ గడియారం వల్లనా, ఆ ఎదురీత వల్లనా? రెండూ ఉన్నాయని నా నమ్మకం.

బెజవాడ అమ్మ (గురువారం, రాత్రి 11:50)

ఇది చదివాక నిద్ర పట్టలేదు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. 5 గంటలకు గంట కొడతారు, 5:30కి స్టడీ అవర్. రాత్రి 10:30 దాకా చదివిస్తారు. పడుకున్నా 12 దాకా నిద్ర రావట్లేదని వాడు అంటే, ఫోను లేదు ఏమీ లేదు, ఎందుకు రాదు, సాకులు చెప్పకు అని నేనే కసిరాను. సంక్రాంతికి ఇంటికొచ్చి పదకొండింటి దాకా లేవకపోతే వాళ్ళ నాన్న దుప్పటి లాగేశారు. ముందు ఎంత నవ్వేవాడో. ఇప్పుడు ఫోనులో "ఊఁ" తప్ప మాట లేదు. డాక్టర్ గారూ, వాడు చెప్పింది నిజమేనా?

సైకియాట్రీ పీజీ (శుక్రవారం, ఉదయం 6:50)

నిజమే అమ్మా. యౌవనం మొదలయ్యాక గడియారం దానంతటదే ఆలస్యం వైపు జరుగుతుంది, కొందరిలో రెండు గంటల దాకా. పదిహేడేళ్ళ పిల్లవాడికి 10:30కి నిద్ర రాకపోవడం మొండితనం కాదు. 5 గంటల గంట మీకూ నాకూ మూడింటికి లేపినట్టు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే, ఈ వయసు పిల్లల బడి 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని కోరింది.

ఈ ఆదివారం వెళ్ళి చూసి రండి. చదువు సంగతి ఎత్తకండి. "నువ్వు చెప్పింది నిజమేనట" అని మొదలుపెట్టండి. తిండి తగ్గిందా, నచ్చినవి కూడా మానేశాడా గమనించండి. మాటల్లో ఏమాత్రం నిరాశ వినిపించినా వెంటనే ఇంటికి తీసుకొచ్చి డాక్టరుకు చూపించండి. పరీక్షల తర్వాత చూద్దాం అనుకోవద్దు.

మంచుదేశం (శనివారం, ఉదయం 8:30)

మిన్నియాపోలిస్ నుంచి. నాది షిఫ్టు సమస్య కాదు, వెలుగు సమస్య. డిసెంబరులో ఇక్కడ పగలు 9 గంటలు కూడా ఉండదు. హైదరాబాదులో ఆ నెలలోనూ 11 గంటలు ఉంటుంది. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం ఇంటి మీద బెంగ అనుకున్నాను. రెండో చలికాలం పెళ్ళయింది, మా ఆవిడ వచ్చింది, బెంగ పడటానికి కారణమే లేదు. అయినా నవంబరు దాటాక పొద్దున్న మంచం దిగలేను, అన్నం మీద అన్నం తినాలనిపించేది. ఏప్రిల్ రాగానే అదే తగ్గిపోయింది. డాక్టరు చూసి సీజనల్ డిప్రెషన్ అన్నారు. నార్మన్ రోసెంథాల్ 1984లో వర్ణించిన జబ్బు ఇది. రోజూ లేచిన వెంటనే 10,000 లక్స్ లైటు ముందు అరగంట కూర్చోమన్నారు. దాని ముందే కాఫీ తాగుతాను, అమ్మతో వీడియో కాల్ మాట్లాడతాను. రెండు వారాల్లో తేడా తెలిసింది. నాలుగో చలికాలం ఇది, మందుల అవసరం రాలేదు.

యూఎస్‌షిఫ్ట్ శ్రీను (శనివారం, మధ్యాహ్నం 12:20)

ఆ లైటు నేనూ తెప్పించుకోనా?

తమ్ముడి అక్క (శనివారం, మధ్యాహ్నం 2:45)

శ్రీను గారూ, డాక్టరును అడగకుండా వద్దు. ఎందుకు చెబుతున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి రాయాలి.

మా తమ్ముడికి బైపోలార్, అంటే కొన్నాళ్ళు తీవ్రమైన దిగులు, కొన్నాళ్ళు పట్టలేని హుషారు వచ్చే జబ్బు. నాలుగేళ్ళు మందులతో నిలకడగా ఉన్నాడు. మా చెల్లి పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున 3:12కి. ముందు రోజు విడిది పనులు, ఆ రాత్రి పెళ్ళి, మర్నాడు అప్పగింతలు. రెండు రాత్రులు వాడు కన్ను మూయలేదు. మాకందరికీ అలసట వచ్చింది, వాడికి మాత్రం హుషారు వచ్చింది. మూడో రోజు కూడా నిద్ర అక్కర్లేదన్నాడు. వంటవాళ్ళందరికీ వెయ్యేసి పంచాడు. మేం పెళ్ళి సంబరం అనుకున్నాం. వారానికి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

నిద్ర తప్పడమే నిప్పు అంటుకోవడమని అప్పుడు వాడి డాక్టరు చెప్పారు. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే ఆవిడ ఇలాంటివాళ్ళ కోసం ఒక చికిత్సనే తయారుచేశారట. లేచే వేళ, తినే వేళ, మనుషుల్ని కలిసే వేళ, పడుకునే వేళ రోజూ రాసుకుంటూ ఒకేలా ఉంచుకోవడం అందులో ముఖ్యం. మా తమ్ముడికి గోడ మీద చార్టు ఉంది. ఆ లైటు కూడా బైపోలార్ ఉన్నవాళ్ళకు డాక్టరు కనిపెట్టి చూస్తుంటేనే వాడాలి, లేకపోతే మనసును ఆ హుషారు వైపు తోసేయొచ్చు. డిప్రెషన్ అనుకున్నది బైపోలార్ అని తర్వాత తేలినవాళ్ళు ఉన్నారు, మా వాడే ఒకడు. అందుకే రాశాను.

ఇప్పుడు మా ఇళ్ళలో ముహూర్తం పెట్టేటప్పుడు పంతులుగారికి ముందే చెబుతాం, పగటి ముహూర్తమే కావాలని. దొరుకుతున్నాయి.

సైకియాట్రీ పీజీ (శనివారం, సాయంత్రం 6:10)

అక్కగారు చెప్పింది ప్రతి అక్షరం నిజం. దీనికి రెండో వైపు కూడా ఉంది. డిప్రెషన్ ఉన్నవాళ్ళు ఒక రాత్రంతా మేలుకుంటే సగానికి పైగా మందికి మర్నాడు మనసు తేలికపడుతుంది. జర్మనీలో ఫ్లూగ్, ట్యోలె 1971లోనే దీన్ని చికిత్సగా రాశారు. కానీ తర్వాత ఒకసారి నిద్రపోగానే చాలామందికి దిగులు తిరిగొస్తుంది. ఇంట్లో చేసి చూసేది కాదు, ఆసుపత్రిలో వైద్యుల ఎదుట చేసేది. నిద్రకూ మూడ్‌కూ ముడి ఎంత గట్టిదో దీన్ని చూశాకే నాకు అర్థమైంది, ఈ బ్రాంచి తీసుకోవడానికి అదీ ఒక కారణం.

యూఎస్‌షిఫ్ట్ శ్రీను (ఐదు వారాల తర్వాత, మంగళవారం, తెల్లవారుజామున 4:35)

మళ్ళీ అదే వేళకు రాస్తున్నాను. లైటు కొనలేదు. డాక్టరును కలిశాను. డిప్రెషన్ మొదలైందని, ఇప్పుడే వచ్చారు కాబట్టి ముందు కౌన్సెలింగ్‌తో చూద్దామని అన్నారు. మూడుసార్లు వెళ్ళాను.

శని, ఆదివారాలు 3కి పడుకుని 10కి లేస్తున్నాను. సోమవారం మధ్యాహ్నం కునుకు మానలేదు. భోజనం సాయంత్రం 6కే డబ్బాలో తెచ్చుకుని తినేసి, రాత్రికి మజ్జిగతో సరిపెడుతున్నాను. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు, పైగా శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక్కడినే కూర్చోవడం కష్టమైంది. మూడో వారం నుంచి మంగళవారం ఏడుపు రాలేదు. మధ్యలో ఒకసారి బంధువుల గృహప్రవేశానికి తెల్లవారుజామునే వెళ్ళాల్సి వచ్చి నిద్ర పోయింది, ఆ వారం మళ్ళీ పాత శ్రీనునే. షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి 11కి మార్చమని మేనేజరును అడిగాను. చూస్తానన్నారు.

ఈ పేజీ నాన్నకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పోయిన బుధవారం ఎనిమిదింటప్పుడు ఏదో చప్పుడైతే సగం మెలకువ వచ్చింది. నాన్న స్టూలు ఎక్కి కిటికీకి నల్ల దుప్పటి కడుతున్నారు. మేకు నోట్లో పట్టుకుని, చప్పుడు చేయకుండా.

విశాఖ సిస్టర్ (మంగళవారం, తెల్లవారుజామున 4:50)

నేనూ డ్యూటీలోనే ఉన్నాను తమ్ముడూ. వెళ్ళి పడుకో. బెజవాడ అమ్మగారూ, అబ్బాయి ఎలా ఉన్నాడు? తెల్లారాక ఒక్క మాట రాయండి.